పెరటి మల్లె పూయాలంటే



హోసూరులో గుండుమల్లి అన్నా, బళ్లారిలో దుండుమల్లిగె అన్నా, నాందేడులో మొగరా అన్నా, యానాంలో బొడ్డుమల్లె అన్నా పువ్వు ఒక్కటే. చుట్టూ ఉన్న భాషను బట్టి పేరు మారుతుంది గాని, వేసవి సాయంత్రం పెరట్లో కమ్ముకునే ఆ వాసన మారదు. ఈ ప్రసంగంలో మల్లె పెంపకం గురించి, ముఖ్యంగా చాలా ఇళ్లలో వినిపించే ఒక ఫిర్యాదు గురించి చెప్పుకుందాం. "చెట్టు ఏపుగా పెరిగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, మొగ్గ మాత్రం లేదు" అన్నదే ఆ ఫిర్యాదు.

అలాంటి చెట్టును చూసి ఒకరు "ఇది మగమొక్క, పూయదు" అంటారు. మరొకరు "గొడ్డుది, పీకి పారేయండి" అంటారు. మూడు నాలుగేళ్లు నీళ్లు పోసి పెంచిన చెట్టు ఆ ఒక్క మాటతో పోతుంది. మన సరిహద్దు జిల్లాల్లో సంబంధాలు రాష్ట్రం దాటి కలుపుకుంటాం. పిల్లతోపాటు పుట్టింటి మల్లెకొమ్మ కూడా అత్తింటికి వెళ్లడం మామూలే. అలా వచ్చిన చెట్టును గొడ్డుది అంటే ఆ మాట చెట్టుకే తగిలి ఊరుకోదు. కాబట్టి అందులో నిజమెంతో చూడాలి.

మల్లెలో మగమొక్క, ఆడమొక్క అని వేరుగా లేవు. బొప్పాయిలో ఉన్నాయి, తాటిలో ఉన్నాయి. మల్లెలో ఒకే పువ్వులో రెండు భాగాలూ ఉంటాయి. పైగా పెరటి మల్లెను మనం గింజ వేసి పెంచం. కొమ్మ నాటో, అంటు తొక్కో పెంచుతాం. కొమ్మనుంచి వచ్చిన మొక్కకు తల్లిచెట్టు గుణమే ఉంటుంది. తల్లి పూసినప్పుడు పిల్ల పూయకపోతే, లోపం మొక్కలో కాదు, మన పెంపకంలో వెదకాలి. సాధారణంగా అక్కడ కనిపించే కారణాలు మూడు.

మొదటిది నీడ. మల్లెకు రోజుకు కనీసం ఐదారు గంటల నేరుటెండ కావాలి. నాటిన రోజున ఎండ ఉండవచ్చు. కాని పక్కనున్న వేపో మామిడో నాలుగేళ్లలో గొడుగులా కమ్ముకుంటుంది. మల్లె ఆకు వేస్తుంది గాని మొగ్గ వేయదు. అడ్డమొచ్చే కొమ్మలు తీసెయ్యండి. వీలుకాకపోతే ఎండ తగిలే చోట కొత్త మొక్క పెట్టుకోండి. మేడ మీదయితే 12 అంగుళాలకు తగ్గని కుండీ వాడండి, అడుగున నీరు పోయే రంధ్రం ఉండాలి.

రెండవది నీళ్లు. స్నానాల గది నీళ్లు పారే చోట మల్లెను నాటడం మన వాళ్లకు అలవాటు. నీళ్లు వృథా పోకూడదన్నది మంచి ఆలోచనే. కాని మొదట్లో ఎప్పుడూ తడి నిలిస్తే వేరుకు గాలి అందదు. మట్టి పైపొర ఆరిన తరువాతే మళ్లీ నీరు పెట్టాలి. యూరియా కూడా గుప్పెట్లతో వేయకూడదు. నత్రజని ఎక్కువైతే చెట్టు బలమంతా ఆకుకే పోతుంది. తమిళనాడులో మల్లెతోటలకు చేసే సిఫారసు చూడండి: చెట్టుకు ఏడాదికి 10 కిలోల పశువుల ఎరువు, 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరం, 120 గ్రాముల పొటాషు. నత్రజని మిగతా రెండింటిలో సగమేనన్నది గమనించండి. ఇంటి చెట్టుకైతే బాగా మాగిన పశువుల ఎరువే ముఖ్యం.

మూడవది, అన్నిటికన్నా పెద్దది, కత్తిరించకపోవడం. పచ్చని చెట్టు మీద కత్తెర వేయడానికి మనసొప్పదు. కాని మల్లె మొగ్గ పాత కర్రకు రాదు, కొత్త చిగురు చివర వస్తుంది. కత్తిరిస్తే కొత్త చిగుళ్లు, చిగుళ్లు ఎన్ని ఉంటే అన్ని మొగ్గలు.

దీనికి నవంబరు చివరి వారంనుంచి డిసెంబరు వరకు అనువైన కాలం. పది రోజుల ముందు నీళ్లు ఆపండి. తరువాత పదునైన కత్తెరతో, నేలనుంచి 45, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉంచి పైదంతా తీసెయ్యండి. టేపు వెదకనక్కరలేదు. ఇది దాదాపు మూరెడు. పువ్వును కొలిచే మూరతోనే చెట్టునూ కొలవండి. ఎండుకొమ్మలు, సన్నని పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు మొదలంటా తీయాలి. మిగిలిన ఆకు కూడా దూసెయ్యండి. మొదలు చుట్టూ తవ్వి, ఎరువు వేసి, అప్పుడు నీరు పెట్టండి. నాటి ఏడాది కూడా నిండని మొక్కకు మాత్రం ఇంత కోత వద్దు, చివర్లు తుంచితే చాలు.

మొండి మోడును చూసి ఇంట్లోవాళ్లు కేకలేయవచ్చు. కొన్ని వారాలు ఓపిక పట్టమనండి. చిగుళ్లు తొడుగుతాయి. ఫిబ్రవరి, మార్చిలో మొగ్గ కనబడుతుంది. నమ్మకం చాలకపోతే, రెండు చెట్లున్నవారు ఒకటి కత్తిరించి ఒకటి వదిలి, ఏప్రిల్‌లో పిల్లల చేత మొగ్గలు లెక్కపెట్టించండి. మేము బడిలో చెప్పే సైన్సు పాఠంకన్నా అది గట్టిగా గుర్తుంటుంది.

రెండు జాగ్రత్తలు చెబుతాను. సున్నం ఎక్కువున్న నేలల్లో లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఇనుము లోపం. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది కలిపి ఆకుల మీద చల్లండి. మొగ్గలకు రంధ్రాలు పడినా, ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నా పురుగు పట్టిందన్నమాట. అలాంటి మొగ్గలను రాలినవాటితో సహా ఏరి కాల్చెయ్యండి. చెట్టు కిందే వదిలేస్తే పురుగు మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక పూసిన తరువాత, బాగా నిండి తెల్లబడిన మొగ్గలే కోయండి. ఆకుపచ్చ ఛాయ ఉన్న మొగ్గ కోస్తే సాయంత్రానికి విచ్చుకోదు. వానలు మొదలయ్యాక కిందికి వాలిన కొమ్మను ఒక కణుపు దగ్గర మట్టిలో తొక్కిపెట్టండి. వేళ్లు బాగా పట్టాక కోసి, అడిగినవారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కత్తెర వేయవలసిన నెల కూడా చెప్పి ఇవ్వండి. ఆ ఒక్క మాట అందక పీకేసిన చెట్లు మన వీధుల్లో చాలా ఉన్నాయి.

మీ పెరట్లో అలా పేరు పడ్డ చెట్టు ఉంటే, పలుగు తీసే ముందు ఒక్క నవంబరు దానికి గడువివ్వండి.