సహాయార్థ ప్రదర్శన: ముందు వరుస టిక్కెట్టు ఎవరు కొనాలి?

శీతాకాలం ప్రవేశించేసరికి పారిశ్రామిక కాలనీలలో సందడి మొదలవుతుంది. రిక్రియేషన్ క్లబ్బువారు నాటక ప్రదర్శనల ఏర్పాట్లలో మునిగి ఉంటారు. మహిళా సమితివారు ఆనంద మేళాకు రంగం సిద్ధం చేస్తుంటారు. సంస్థ ఆవిర్భావ దినోత్సవానికి పరుగు పందెమో, సంగీత విభావరియో ఉండనే ఉంటుంది. వీటిలో ఒకటి రెండు కార్యక్రమాలైనా అంధ బాలల పాఠశాలకో, వృద్ధాశ్రమానికో, రక్తనిధికో సహాయార్థం జరుగుతుంటాయి. ఆశయం ఉదాత్తమైనదే. సంస్థ పేరు నలుగురి నోళ్లలో నానటం కూడా తప్పు కాదు. అయితే తెర పడిన తరువాత ఎంత సొమ్ము చేరవలసిన చోటికి చేరిందని అడిగితే, నిర్వాహకులు సమాధానానికి తడుముకోవటం చాలాచోట్ల కనిపించే దృశ్యమే.

ఉదాహరణకు ఒక లెక్క వేసి చూద్దాం. మందిరంలో 800 కుర్చీలు ఉన్నాయనుకుందాం. టిక్కెట్టు ధర 100 రూపాయలు. అధికారులకు, సంఘ నాయకులకు, స్థానిక ప్రముఖులకు, వారి బంధుమిత్రులకు కలిపి 250 ఉచిత పాసులు వెళ్లాయి. మిగిలిన 550లో 450 టిక్కెట్లు అమ్ముడుపోయాయి. వసూలు 45,000 రూపాయలు. కళాకారులకు 20,000, మైకుసెట్టుకు, దీపాలకు 10,000, టిక్కెట్లు, కరపత్రాల ముద్రణకు 3,000, పూలదండలు, శాలువాలు, జ్ఞాపికలు, ఫలహారాలకు 7,000. మొత్తం ఖర్చు 40,000. అంధ బాలలకు మిగిలినది 5,000 రూపాయలు. అంటే శాలువాలకు, ఫలహారాలకు అయినంత కూడా బాలలకు దక్కలేదన్నమాట. ఆ 250 పాసులూ టిక్కెట్లయి ఉంటే వారికి చేరే మొత్తం 30,000 అయ్యేది!

ఈ లెక్క ఊహాజనితమే గాని, ఇటువంటి ప్రదర్శన ఒక్కదానికైనా కోశాధికారిగా ఉన్నవారికి ఇది కొత్తగా తోచదు. కళాకారుల పారితోషికం గురించి, మైకుసెట్టు అద్దె గురించి సమావేశాలలో గంటల తరబడి బేరసారాలు సాగుతాయి. పాసుల సంఖ్యను మాత్రం ఎవరూ ప్రశ్నించరు. పాసు ఇవ్వకపోతే ఫలానావారు నొచ్చుకుంటారన్న భయమే ఇందుకు కారణం. పాసు పుచ్చుకోవటం హోదాకు చిహ్నమనీ, టిక్కెట్టు కొనటం సామాన్యుల పని అనీ మన కాలనీలలో ఒక భావం స్థిరపడిపోయింది. సాధారణ వినోద కార్యక్రమాలలో ఇది చెల్లవచ్చు. ఇతరుల పేరు చెప్పి డబ్బు అడుగుతున్నప్పుడు చెల్లదని మా అభిప్రాయం.

ఈ సందర్భంలో 1923లో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభలు గుర్తుకు వస్తాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచిన బాలికకు అప్పటికి 14 ఏళ్లు. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఆదేశం. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె నిర్మొహమాటంగా ఆపివేసింది. నిర్వాహకులు టిక్కెట్టు తెప్పించి ఇచ్చిన తరువాతనే లోనికి పోనిచ్చింది. ఆ బాలికే తరువాతి కాలంలో 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్. మన ప్రదర్శనలకు ద్వారం వద్ద నిలబెట్టే కార్యకర్తలకు అంతటి ధైర్యం ఉండాలని ఆశించటం అత్యాశే కావచ్చు. కాని నిర్వాహక సంఘం ముందే ఆ నిర్ణయం తీసుకుంటే, వారిని ఆ ఇబ్బందిలోకి నెట్టవలసిన అగత్యమే ఉండదు. ముఖ్య అతిథి మొదలుకొని అందరికీ టిక్కెట్టే అని ఆహ్వాన పత్రికలోనే అచ్చు వేయవచ్చు. ముందు వరుసలకు హెచ్చు ధర నిర్ణయించి, మొదటి టిక్కెట్టును సంస్థ పెద్దల చేతనే కొనిపిస్తే, ఆ తరువాత పాసు అడగటానికి ఎవరికీ నోరు రాదు.

చిన్న టిక్కెట్టును లక్షల మంది కొంటే ఏమి సాధించవచ్చునో హైదరాబాదు నుమాయిష్ నిరూపించింది. హైదరాబాదు రాష్ట్ర ఆర్థిక పరిస్థితులపై సర్వే జరిపించటానికి నిధులు కావలసి వచ్చి, ఉస్మానియా పట్టభద్రులు కొందరు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక చిన్న వస్తు ప్రదర్శనను తలపెట్టారు. అది 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1 నుండి ఫిబ్రవరి 15 వరకు 46 రోజులపాటు జరగటం ఆనవాయితీ అయింది. కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థలు ఆ ప్రదర్శనను నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ ఆధ్వర్యంలోనే నడుస్తున్నాయి. గాజులు, దుప్పట్లు కొనుక్కుని, మిర్చి బజ్జీలు తిని వచ్చే కుటుంబాలలో ఎందరికి ఈ సంగతి తెలుసో గాని, వారి టిక్కెట్టు డబ్బు మాత్రం చదువులకు చేరుతూనే ఉన్నది. ఏటా అదే కాలంలో, అదే చోట జరగటం వలన దానికి వేరే ప్రచారమే అక్కరలేకపోయింది. మనవారు ఏటేటా కొత్త కార్యక్రమం కోసం తల బద్దలు కొట్టుకోవటం కంటె, ఒకదానినే పట్టుకుని పదేళ్లు నడిపించటం మేలు కాదా?

అదే మైదానంలో 2019 జనవరి 30 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో పెద్ద సంఖ్యలో దుకాణాలు కాలి బూడిదయ్యాయి. ప్రాణనష్టం జరగకపోవటం అదృష్టం. కర్మాగారంలో భద్రతా నియమాలను తు.చ. తప్పకుండా పాటించే మనవారే, షామియానా క్రింద వేలాడే వైర్ల విషయంలో ఉదాసీనంగా ఉండటం వింతగా తోస్తుంది. ఫైర్ సిబ్బందిని పిలవవలసినది ప్రదర్శన రోజున కాదు, పందిరి వేసే రోజున.

కాగితాల పని వెనుకబడితే ఏమవుతుందో చెప్పటానికి దేశాంతర ఉదాహరణ ఒకటి ఉన్నది. బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం పండిట్ రవిశంకర్, జార్జ్ హారిసన్ 1971 ఆగస్టు 1న న్యూయార్కులో ఒకే రోజు రెండు కచేరీలు నిర్వహించారు. టిక్కెట్లపై వచ్చిన రెండు లక్షల నలభై వేలకు పైగా డాలర్లు కొద్ది రోజులలోనే యునిసెఫ్‌కు అందాయి. కాని పన్ను మినహాయింపుకు ముందుగా ఏర్పాటు చేసుకోకపోవటంతో, రికార్డులపైన, చలనచిత్రంపైన వచ్చిన సొమ్ములో అధిక భాగం అమెరికా పన్నుల శాఖ వద్ద ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది.

మనకు వర్తించే నియమాలు కూడా తక్కువేమీ కావు. ప్రభుత్వ రంగ సంస్థల ప్రవర్తనా నియమావళి ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగులు విరాళాలు వసూలు చేయరాదు. సావనీరుకు ప్రకటనలు ఇమ్మని కాంట్రాక్టర్లను, సరుకు సరఫరాదారులను అడిగే అలవాటు మరీ ప్రమాదకరం. బిల్లు మన బల్లమీద ఉన్న మనిషి ఇచ్చే ప్రకటన ఇష్టపూర్వకమైనదని ఎవరు నమ్ముతారు? ఇక సామాజిక బాధ్యత నిధుల నుండి ఈ ఖర్చు పెట్టవచ్చునా అని అడిగేవారున్నారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షనుపై 2014 జూన్ 18న వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్క్యులర్, మారథాన్ల వంటి ఒక్కసారికి పరిమితమైన కార్యక్రమాల ఖర్చు ఆ పద్దు క్రిందకు రాదని స్పష్టం చేసింది. 2021లో సవరించిన నిబంధనలు, తమ వస్తువుల ప్రచార ప్రయోజనం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను కూడా మినహాయించాయి. కనుక ప్రచారానికి అయ్యే ఖర్చును ప్రచార పద్దులోనే చూపాలి.

తేదీ నిర్ణయం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, సగం టిక్కెట్లు దానిమీదనే ఆధారపడతాయి. జీతాలు అందిన మొదటి వారంలో అమ్ముడుపోయే టిక్కెట్టు ఇరవై అయిదో తేదీన అమ్ముడుపోదు. పిల్లల పరీక్షల రోజులలో తల్లులు గడప దాటరు. రెండో షిఫ్టువారు, రాత్రి షిఫ్టువారు రాలేని వేళను నిర్ణయించి, ఉద్యోగులలో స్పందన కరువైందని వాపోవటం న్యాయం కాదు.

అసలు వేదికే అక్కరలేని సందర్భాలూ ఉన్నాయి. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. అటువంటి విపత్తులలో మన ఉద్యోగులు ఒక రోజు మూలవేతనం ఇస్తూనే ఉన్నారు. కూడు, గుడ్డ వెంటనే కావలసిన చోట నెలన్నర రిహార్సల్సు చేసి నాటకం వేయటం పొసగదు. ఏటా సాగవలసిన చదువులకు, మందులకు మాత్రం ప్రదర్శనల అవసరం ఉన్నది.

ఇక ఛాయాచిత్రాల మాట. సభాంతంలో సాయం పొందే పిల్లలను వేదికమీద వరుసగా నిలబెట్టి, అట్టతో చేసిన నిలువెత్తు చెక్కును పట్టించి ఫొటోలు తీయటం పరిపాటి అయింది. ఆ పిల్లలు మరునాడు తమ బడికి వెళ్లవలసినవారే. ఆదరణ, రక్షణ అవసరమైన బాలల గుర్తింపును పత్రికలలో వెల్లడించటాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధిస్తున్నది కూడా. చట్టం లేకపోయినా చేయదగిన పని కాదది. మన పత్రికకు పంపే ఫొటోలలో పిల్లల ముఖాలకు బదులు వారికి సమకూరిన పడకలనో, పుస్తకాలనో చూపితే సంస్థ గౌరవం ఏమీ తగ్గదు.

ఫొటోతోపాటు లెక్కను కూడా పంపవలసిందిగా నిర్వాహక సంఘాలకు మా మనవి: ఎన్ని టిక్కెట్లు అచ్చయినవి, ఎన్ని అమ్ముడైనవి, ఎన్ని వాపసు వచ్చినవి, ఎన్ని పాసులు ఇచ్చారు, ఎంత ఖర్చయినది, ఎంత అందజేశారు. కౌంటర్ ఫాయిళ్లు లెక్కకు సరిపోయిన తరువాత, ప్రదర్శన జరిగిన పదిహేను రోజులలోగా ఈ వివరాలను క్యాంటీను నోటీసు బోర్డుపై అంటిస్తే బాగుంటుంది. శాలువాల ఖర్చు కూడా అందులో విడిగా చూపాలి.