ప్రభుత్వ గృహ కాలనీవాసులకు ఉపాధి, శిక్షణ (కంభం ప్రాంతం)

ప్రభుత్వ సహాయంతో కట్టిన ఇళ్లలో నివసించే పేద కుటుంబాలకు పని చూపించడం, పని నేర్పించడం అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇంగ్లండు వంటి దేశాలలో ఇటువంటి ఇళ్లను అద్దెకు ఇస్తారు. ఇంటి యజమాని పురపాలక సంఘమో, గృహ సంఘమో అయి ఉంటుంది గనుక, అద్దెదారుకు ఉద్యోగం ఉన్నదా లేదా అని విచారించే సంస్థ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో పద్ధతి వేరు. ఇక్కడ స్థలానికి పట్టా ఇచ్చి, ఇంటిని లబ్ధిదారుకే సొంతం చేస్తారు. చివరి బిల్లు చెల్లించిన తరువాత గృహనిర్మాణ శాఖకు ఆ కుటుంబంతో దాదాపు సంబంధం ఉండదు. ఉపాధి చూపించే శాఖలు వేరుగా, వేరే జాబితాలతో పనిచేస్తాయి. కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఈ ఎడబాటు స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ చాలామందికి ఇల్లు సొంత ఊరిలో, పని పరాయి ఊరిలో ఉన్నవి.

ప్రాంతం

కంభం పట్టణం గుండ్లకమ్మ నదికి అడ్డంగా కొండల నడుమ కట్టిన పెద్ద చెరువుకు ప్రసిద్ధి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం ఈ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించినది. ఈ ప్రాంతం 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

చెరువు కింది ఆయకట్టును మినహాయిస్తే మిగిలినది ఎక్కువగా వర్షాధారపు మెట్ట. వానలు తప్పిన ఏట బోర్లు ఎండిపోతాయి, కూలి పనులు ఆగిపోతాయి. మార్కాపురం పలకల పరిశ్రమ ఒకప్పుడు వేలాది చేతులకు పని కల్పించినది. బడిపిల్లల చేతికి నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత రాతి పలకకు గిరాకీ తగ్గినది. అందువలన మిరప కోతల కాలంలో గుంటూరు వైపుకు, భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, బెంగుళూరు నగరాలకు వలస పోవడం ఇక్కడి కుటుంబాలకు అలవాటైనది. సంక్రాంతి దాటితే తరగతి గదులలో హాజరు పలుచబడటం ఈ ప్రాంతంలో పనిచేసిన ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. వలస వెళ్లినవారి పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు నడిపినది ఇందుకే.

గృహ పథకాల చరిత్ర

ఇల్లు, పని మొదటినుండి విడివిడిగా లేవు. కేంద్ర ప్రభుత్వ గృహ పథకం పుట్టినదే పని కల్పించే కార్యక్రమం నుండి. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో గ్రామీణ భూమిలేని కూలీల ఉపాధి హామీ కార్యక్రమంలో ఒక భాగంగా మొదలైనది. 1989లో జవహర్ రోజ్‌గార్ యోజనలో చేరినది. 1996 జనవరి 1 నుండి స్వతంత్ర పథకమైనది. ఇల్లు కట్టడమంటే కూలీకి కొన్ని దినాల పని కూడా అని అప్పటి భావన. పథకం విడివడిన తరువాత లెక్క ఇళ్ల సంఖ్యకు మారినది. 2016లో దీని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ) వచ్చినది.

రాష్ట్రంలో గృహ నిర్మాణ సంస్థ 1979లో ఏర్పడినది. 2006లో ప్రారంభమైన ఇందిరమ్మ కార్యక్రమం అర్హులైన ప్రతి కుటుంబానికి ఇల్లు ఇవ్వాలని తలపెట్టి, మూడేళ్లలో అన్ని గ్రామాలను చుట్టిరావాలని విడతలు నిర్ణయించినది. 2020 డిసెంబరు 25న మొదలైన పట్టాల పంపిణీలో 30 లక్షలకు పైగా స్థలాలను మహిళల పేరిట ఇచ్చారు. గ్రామాలలో ఒకటిన్నర సెంటు, పట్టణాలలో ఒక సెంటు దాని కొలత. ఇంటికి రూ.1.80 లక్షల సహాయం, సంఘ సభ్యురాలైతే పావలా వడ్డీకి రూ.35,000 బ్యాంకు రుణం ఇచ్చారు. ఒకటిన్నర సెంటులో ఇల్లు పట్టిన తరువాత గేదెను కట్టివేయడానికి గాని, మగ్గం గుంటకు గాని, బండి నిలపడానికి గాని చోటు మిగలదు. ఇంటి దగ్గర చేసుకునే పనులపై బ్రతికే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

ఇంటి నిర్మాణమే పనిగా

సహాయం బేస్‌మట్టం, రూఫ్ లెవెల్, స్లాబు వంటి దశలవారీగా విడుదలవుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన (గ్రామీణ) నిబంధనల ప్రకారం లబ్ధిదారుకు తన ఇంటి పనిలోనే 90 దినాల (కొండ ప్రాంతాలలో 95 దినాల) కూలి 2005 నాటి ఉపాధి హామీ చట్టం ద్వారా చెల్లించేవారు. ఈ చట్టం ప్రకాశం జిల్లాలో రెండవ విడతగా 2007లో అమలులోకి వచ్చినది. 2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో, ఏటా 125 దినాల పనికి హామీ ఇచ్చే కొత్త చట్టాన్ని ఆమోదించినది.

అయితే ఈ 90 దినాలు నైపుణ్యం లేని పనికి ఇచ్చే కూలి మాత్రమే. పునాది తవ్వడం, ఇటుక మోయడం, గోడలకు నీరు పట్టడం వంటివి. కంభం వైపు బేల్దారి మేస్త్రి అని పిలిచే తాపీ పనివాని రోజు కూలి, అతనికి అందించే కూలీకన్నా చాలా ఎక్కువ. కాలనీ కట్టేటప్పుడు ఒకేసారి వందల ఇళ్లు లేస్తాయి. మేస్త్రీలకు కొరత ఏర్పడుతుంది, కూలి పెరుగుతుంది, ఇల్లు రూఫ్ లెవెల్ దగ్గర ఆగిపోతుంది. కాలనీవాసులకే తాపీ పని నేర్పితే ఈ కొరత తీరడమే గాక, కాలనీ పూర్తయిన తరువాత చేతిలో ఒక వృత్తి మిగులుతుంది. ఈ ఆలోచనతోనే గ్రామీణ తాపీ మేస్త్రీల శిక్షణను పథకంలో చేర్చారు. 45 దినాలపాటు నిజమైన ఇంటిని కడుతూనే నేర్పి, చివర పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇస్తారు. 1998లో హైదరాబాదులో స్థాపించబడిన జాతీయ నిర్మాణ సంస్థ (న్యాక్) తాపీ, వడ్రంగం, విద్యుత్తు, ప్లంబింగు పనులలో నిరుద్యోగ యువతకు చాలాకాలంగా శిక్షణ ఇస్తున్నది. గృహ నిర్మాణ సంస్థ నడిపిన నిర్మితి కేంద్రాలు తక్కువ ఖర్చు ఇటుకలు, ద్వారబంధాల తయారీలో కూలీలకు పని చూపించాయి.

మన వైపు స్త్రీలు తట్టలు మోయడం దగ్గరే ఆగిపోతున్నారు. ఝార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణ సమయంలో తాపీ పట్టిన స్త్రీలను 'రాణి మిస్త్రీ'లని పిలిచారు. ఇంటి పట్టా స్త్రీ పేరున ఇచ్చే రాష్ట్రంలో ఆమె చేతికి తాపీ కూడా ఇవ్వవచ్చును గదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది.

మహిళా సంఘాలు

కాలనీలో ఇల్లు పొందిన స్త్రీలలో ఎక్కువమంది పొదుపు సంఘ సభ్యులే. గ్రామాలలో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), పట్టణాలలో 2007లో ఏర్పడిన మెప్మా ఈ సంఘాలను నడిపిస్తాయి. 2011లో స్త్రీనిధి పరపతి సంస్థ వచ్చినది. కుట్టుమిషను, పాడిగేదె, టిఫిను బండి, చీరల వ్యాపారం వంటివాటికి రుణం దొరుకుతుంది. చిక్కు ఎక్కడంటే, ఇల్లు పూర్తి చేయడానికి తీసుకున్న రుణం, జీవనోపాధికి తీసుకున్న రుణం ఒకే సంఘం పుస్తకంలో ఉంటాయి. స్లాబుకు డబ్బు చాలనప్పుడు గేదె కోసం తెచ్చిన సొమ్ము కంకర, ఇనుములోకి పోతుంది. ఆ తరువాత కంతులు కట్టడానికి మళ్లీ మిరప కోతలకే పోవలసి వస్తుంది.

శిక్షణా కార్యక్రమాలు

ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఏర్పాటైన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ (ఈజీఎంఎం) గ్రామీణ యువతకు కొద్ది నెలల శిక్షణ ఇచ్చి నేరుగా కంపెనీలలో చేర్పించే పద్ధతిని మొదలుపెట్టినది. 2014 సెప్టెంబరు 25న కేంద్రం ప్రారంభించిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ సంస్థ తన విద్యార్థులలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించవలసి ఉన్నది. సొంతంగా వృత్తి పెట్టుకోదలచినవారికి బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నవి. వీటికి మూలం 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెట్ సంస్థ. ఉపాధి హామీలో ఏడాదికి 100 దినాలు పూర్తిచేసిన కుటుంబాల యువతకు స్టయిపెండుతో శిక్షణ ఇచ్చే 'ఉన్నతి' ప్రాజెక్టు 2019-20లో వచ్చినది. వలస పోయే కుటుంబానికి 100 దినాలు పూర్తిచేయడం కష్టం గనుక, శిక్షణ ఎక్కువ అవసరమైనవారికే ఈ తలుపు ఇరుకైనది.

ఉద్యోగం దొరికిన తరువాత అసలు సమస్య మొదలవుతుంది. కంభం యువకునికి చూపించే ఉద్యోగం సాధారణంగా హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, చెన్నైలోనో ఉంటుంది. సొంత ఊరిలో అద్దె లేని ఇల్లు ఉన్నవాడు అక్కడ అద్దెదారు అవుతాడు. మొదటి జీతంలో గది అద్దె, భోజనం, ప్రయాణం పోగా ఇంటికి పంపడానికి పెద్దగా మిగలదు. కొద్ది నెలలకే తిరిగివచ్చినవారిని చూసి 'పిల్లలకు ఓపిక లేదు' అనడం తేలిక. లెక్క వేసి చూస్తే తిరిగిరావడం తెలివితక్కువ పని కాదని తెలుస్తుంది.

ఈ లోటును పూరించడానికే కేంద్రం 2020 జూలైలో వలస కార్మికులకు, పట్టణ పేదలకు అద్దె గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించినది. ప్రభుత్వం కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను అద్దెకు ఇవ్వడం అందులో ఒక పద్ధతి. చండీగఢ్, సూరత్ నగరాలలో అది అమలైనది.

కాలనీ ఉన్న చోటు

ఊరి నడుమ ప్రభుత్వ భూమి దొరకదు. కాలనీ శివారుకు, ఒక్కొక్కసారి పొలాల అవతలికి పోతుంది. కూలీలు ఉదయం చేరే అడ్డాకు రానుపోను ఆటో ఛార్జీ రోజు కూలిలో కొంత తినివేస్తుంది. ఇళ్లలో పాచిపని చేసే స్త్రీ రెండు పూటలా వెళ్లిరావాలి. టిఫిను బండికి కాలనీలో కొనేవారు తక్కువ.

దీనిపై చెప్పుకోదగిన అధ్యయనం అహ్మదాబాదులో జరిగినది. 1987లో అక్కడ బీడీ కార్మిక స్త్రీలకు లాటరీ పద్ధతిన నగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లు కేటాయించారు. 14 సంవత్సరాల తరువాత పరిశీలిస్తే, గెలిచినవారిలో 34 శాతం అసలు చేరనేలేదు. 32 శాతం చేరి వదిలి వెళ్లిపోయారు. ఇల్లు పొందినవారి ఆదాయం, పిల్లల స్థితి పొందనివారికన్నా మెరుగుపడలేదు. బంధువులు, ఇరుగుపొరుగు, పని చెప్పే మనుషులు పాత పేటలోనే ఉండిపోవడం దీనికి ముఖ్య కారణమని పరిశోధకులు భావించారు.

చెంచు గూడేలు

అర్ధవీడు, పెద్ద దోర్నాల, యర్రగొండపాలెం మండలాలలోని నల్లమల చెంచులకు 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం కింద ఇంటికి రూ.2 లక్షలు ఇస్తున్నారు. అటవీ ఉత్పత్తుల అమ్మకానికి వన్‌ధన్ కేంద్రాలు, వృత్తి శిక్షణ ఆ పథకంలోనే భాగాలు. ఇల్లు, పని ఒకే కాగితంపై ఉన్న అరుదైన ఉదాహరణ ఇది.

ఇతర దేశాలతో పోలిక

ఇంగ్లండులో సామాజిక గృహాలపై జాన్ హిల్స్ 2007లో సమర్పించిన నివేదిక, వాటిలో నివసించే పనిచేసే వయస్సువారిలో సగానికి పైగా జీతం వచ్చే పనిలో లేరని తెలిపినది. సంపాదన పెరిగితే అద్దె సహాయం పౌనుకు 65 పెన్నీల చొప్పున తగ్గే పద్ధతి అప్పట్లో ఉండటం పనికి వెళ్లాలనే ఉత్సాహాన్ని చంపేది. అమెరికాలో ఇదే చిక్కుకు 1990లో ఒక ఉపాయం కనిపెట్టారు. జీతం పెరిగినందువలన పెరిగిన అద్దె మొత్తానికి సమానమైన సొమ్మును అద్దెదారు పేరున ఖాతాలో జమచేసి, అనుకున్న లక్ష్యం చేరిన తరువాత అతనికే ఇస్తారు.

మన కాలనీలలో అద్దె లేదు గనుక ఆ చిక్కు లేదని అనుకోవచ్చును. అదే చిక్కు ఇక్కడ రేషను కార్డు రూపంలో ఉన్నది. 2019 నవంబరులో రాష్ట్రం కార్డు అర్హతకు నెలసరి ఆదాయ పరిమితిని గ్రామాలలో రూ.10,000, పట్టణాలలో రూ.12,000గా నిర్ణయించినది. శిక్షణ పొందిన కొడుకు జీతం కుటుంబ ఆదాయంలో కలిస్తే కార్డు పోతుందని, దానితో తల్లి పింఛను, చెల్లెలి ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా పోతాయని భయపడి, జీతం చీటీ ఇచ్చే ఉద్యోగంకన్నా చేతికి డబ్బిచ్చే కూలినే మేలని ఎంచుకునేవారు ఉన్నారు. కొడుకును వేరు కార్డు మీదికి మార్చుకోవడం ఒక దారి. పెళ్లి కాని కొడుకుకు అది అంత సులువుగా దొరకదు.