గాలిని స్ప్రింగు చేసుకున్న డబ్బా

“సార్, డీజే డబ్బా అంత పెద్దగుంటేనే గదా బేస్ వస్తది! మరి టేబుల్ మీద పెట్టుకునే ఈ చిన్న డబ్బాలకెల్లి ఎట్లొస్తది?” వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రవాడు అడిగిన ప్రశ్న ఇది. స్పీకర్ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం సరిగ్గా అక్కడే ఉంది.

అయస్కాంతం మధ్య రాగి తీగచుట్ట, దానికి అంటించిన కోన్. అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ఈ అమరికకు ఇచ్చిన రూపమే నేటికీ నడుస్తోంది. చిక్కంతా కోన్ వెనకవైపుతోనే. ముందు గాలిని నెట్టే క్షణంలోనే కోన్ వెనక గాలిని లాగుతుంది. బేస్ లాంటి నిదానమైన కదలికల్లో ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి చేరుతుంది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే డబ్బా.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలకుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర ఉంది కదా, దానికి కట్టిన ఎండు బుర్రల పని వేరు. సన్నటి తీగ ఒంటరిగా గాలిని పెద్దగా కదిలించలేదు. ఆ కంపనాన్ని అందుకుని బుర్రలు పెద్దది చేస్తాయి. అక్కడ బుర్ర తానూ పాడాలి. స్పీకర్ డబ్బా మాత్రం నోరెత్తకూడదు. వెనక శబ్దాన్ని దాచిపెట్టి ఊరుకోవాలి. డబ్బా కూడా పాడటం మొదలుపెడితే ప్రతి గొంతుకూ ఒకే రంగు పులుముతుంది.

అయితే చిన్న డబ్బాలో మూసిన గాలి ఊరికే ఉండదు. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి పిడిని కాస్త నొక్కి వదలండి, గాలి తిరిగి ఎలా తంతుందో తెలుస్తుంది. ఆనాటి స్పీకర్లలో కోన్‌ను మధ్యకు లాగి ఉంచేందుకు అంచు చుట్టూ బిర్రైన పట్టీ, వెనక మరో పట్టీ ఉండేవి. ఆ బిగువుకు గాలి బిగువు తోడైతే కోన్ కదలలేక బేస్ చచ్చిపోతుంది. కాబట్టి బేస్ కావాలంటే బీరువా అంత డబ్బా కొనాల్సిందే. పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరైతే గది మూల గోడలనే తన హార్న్‌కు కొనసాగింపుగా వాడుకున్నాడు.

ఎడ్గర్ విల్చర్ అనే ఆయన ఈ చిక్కును తిరగేసి ఆలోచించాడు. గాలి ఎలాగూ స్ప్రింగులా పనిచేస్తోంది, ఇక పట్టీల స్ప్రింగు ఎందుకు? వాటిని వీలైనంత వదులు చేసేద్దాం, కోన్‌ను వెనక్కి తెచ్చే పని మొత్తం గాలికే అప్పగిద్దాం. మొదటి నమూనాలో కోన్ అంచుకు పరుపు గుడ్డ వాడారు. దాని కత్తిరింపుకు పటం గీసిచ్చింది ఆయన భార్య రోజ్‌మేరీ.

ఇందులో అసలు అందం చిన్న సైజు కాదు. గుడ్డ పట్టీ కొంచెం సాగినప్పుడు బుద్ధిగా ఉంటుంది, ఇంకాస్త లాగితే ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అప్పుడు అల కొస చదునై, రికార్డింగ్‌లో లేని స్వరాలు పుట్టుకొస్తాయి. గాలి అలా చేయదు. 12 అంగుళాల కోన్ ఒక సెంటీమీటరు లోపలికి వస్తే నొక్కుకునేది సుమారు అర లీటరు గాలి. విల్చర్ డబ్బాలో ఉండే గాలి 45 లీటర్లకు పైనే. దాదాపు నూటికి ఒక వంతు మార్పు. అంత చిన్న మార్పుకు గాలి ఎంత నొక్కితే అంతే, లెక్క తప్పకుండా తిరిగి నెడుతుంది. అంటే డబ్బా చిన్నదవడమే కాదు, బేస్ శుభ్రపడింది కూడా. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన ఆలోచన ఆడియో చరిత్రలో మరొకటి నాకు కనబడదు.

1954లో విల్చర్ తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి, ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. పేటెంట్ వచ్చింది. ఎలక్ట్రో-వాయిస్ కంపెనీ కోర్టుకు ఎక్కింది. ఆర్‌సీఏ కంపెనీలో పనిచేసే హ్యారీ ఓల్సన్‌కు ఇదే దారిలో అంతకుముందే పేటెంట్ ఉందని తేలి విల్చర్‌ది చెల్లకుండా పోయింది. దాంతో ఈ పద్ధతి అందరిదీ అయింది. 1958లో వచ్చిన ఏఆర్-3లో విల్చర్ గుమ్మటం ఆకారపు ట్వీటర్‌ను పెట్టాడు. సన్నటి స్వరాలు టార్చి వెలుగులా ఒకేవైపు దూసుకుపోకుండా గదంతా పరుచుకున్నాయి. తర్వాత డబ్బా కొలతలు తేల్చే థీల్, స్మాల్ లెక్కలు వచ్చాయి, ప్లాస్టిక్ కోన్లు వచ్చాయి, రంధ్రం ఉన్న డబ్బాలు మళ్లీ రాజ్యమేలాయి.

బేస్ సంగతి సరే, కొన్ని స్పీకర్లు కాసేపు వింటే చెవి ఎందుకు అలసిపోతుంది? ఇంటర్ ల్యాబులో అనునాద స్తంభం ప్రయోగం చేసినవాళ్లకు జవాబు చేతిలోనే ఉంది. చెవి రంధ్రం ఒకవైపు కర్ణభేరితో మూసిన గొట్టం, పొడవు దాదాపు 2.5 సెంటీమీటర్లు. నాలుగు రెట్లు చేస్తే తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లు. ధ్వని వేగాన్ని దానితో భాగిస్తే 3,400 హెర్ట్జ్. ఆ చుట్టుపక్కల స్వరాలను చెవి తనంతట తానే పెంచుకుంటుంది.

దుకాణంలో దొరికే చవక జత ఒకటి విప్పి చూశాను. ట్వీటర్ కాలికి ఒకే ఒక్క కెపాసిటర్ అతికించి ఉంది. బేస్ మోసే ఊఫర్‌కు అదీ లేదు, తీగలు నేరుగా వెళ్లాయి. మూడు వేల హెర్ట్జ్ దాటాక అలాంటి కాగితం కోన్ ఒక్క ముక్కగా కదలడం మానేసి ఎక్కడికక్కడ వణుకుతుంది. దాన్ని ఆపే కాయిల్ లేదు. ట్వీటర్ ఏమో తన శక్తికి మించిన కింది స్వరాలు కూడా మోస్తూ అరుస్తుంది. ఇద్దరూ తగువులాడేది చెవి గొట్టం పెంచి వినే చోటే! వాల్యూమ్ తగ్గించినా ఆ నిష్పత్తి మారదు. 1970లలో బీబీసీ ఇంజనీర్లు ప్రసార వ్యాన్ల కోసం చేసుకున్న ఎల్ఎస్3/5ఏ కేవలం 5 లీటర్ల మూసిన డబ్బా. అయినా స్వరాలను ఊఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే దాని క్రాసోవర్ బోర్డు నిండా కాయిళ్లు, కెపాసిటర్లు. ట్వీటర్ చుట్టూ ఉన్ని పట్టీ. శ్రమంతా ఈ తగువు తీర్చడానికే.

గద్వాలలో చీర అంచుల డిజైన్లు కంప్యూటర్ మీద గీసే మిత్రుడి దగ్గర స్పీకర్లు మంచివే, అయినా సాయంత్రానికి తలనొప్పి. చూస్తే అవి నున్నటి బల్ల మీద నేరుగా కూర్చున్నాయి. కోన్ బల్లకు 15 సెంటీమీటర్ల ఎత్తులో, చెవి 40లో, మధ్య దూరం 70. నేరుగా వచ్చే శబ్దానికీ బల్లను తాకి వచ్చేదానికీ దారిలో తేడా 15 సెంటీమీటర్లు. అంటే 1,150 హెర్ట్జ్ దగ్గర రెండూ చెరుపుకుని మనిషి గొంతులో గుంట పడుతుంది. ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చేలా కింద ఇటుకలు పెట్టించాను. గుంట ఇంకా కింది స్వరాలకు జరిగింది, బల్ల నుంచి వచ్చే ప్రతిధ్వని బలం తగ్గింది. గొంతు తేటపడింది.

కొనేటప్పుడు మొదటి నిమిషం ఆకట్టుకునేది కాస్త గీరే స్పీకరే. కాబట్టి రోజూ వినే గొంతును, మాట్లాడుకునేంత మెల్లగా పెట్టించి కాసేపు కూర్చోండి. స, శ, ష అక్షరాలు ఈలలా చెవిలో గుచ్చుకుంటే వద్దు. మూసిన డబ్బా అయితే గోడకు దగ్గరగా పెట్టుకున్నా బేస్ మరీ బరువెక్కదు. విల్చర్ పద్ధతిలో ఒక్కటే లోటు, అది కరెంటు ఎక్కువ తాగుతుంది. బల్ల దగ్గర మాత్రం అది లోటే కాదు. ఒక వాట్‌కు మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ మామూలు మాటల స్థాయి 65కు రావాలంటే వాట్‌లో నూరో వంతు చాలు. అట్టపెట్టె మీద వందలు, వేలుగా అచ్చేసిన వాట్లకు డబ్బు పోసే బదులు, అదే డబ్బును మంచి క్రాసోవర్ ఉన్న చిన్న జత మీద పెట్టండి.