మెడ ముక్కకూ మర్యాదే

రాజమండ్రిలోనో కాకినాడలోనో పొద్దుగూకేవేళ చీకుల బండి దగ్గర లేచే పొగ మనకు కొత్త కాదు. చువ్వలకు మాంసం ముక్కలు గుచ్చి, బొగ్గుల మీద తిప్పి తిప్పి కాల్చి, ఉల్లిపాయ, నిమ్మచెక్కతో అందిస్తారు. జపానువారికీ ఇలాంటి చీకులున్నాయి. వాటిని యాకిటోరి అంటారు. 'యాకి' అంటే కాల్చినది, 'టోరి' అంటే పక్షి. ఇక్కడ కోడి అన్నమాట. ఉద్యోగాలకు టోక్యో వెళ్ళిన పిల్లలను చూడడానికి మన అమ్మలూ అత్తలూ వెళ్ళివస్తున్నారు కదా. వాళ్ళు అలాంటి హోటలుకు తీసుకువెడితే బెరుకు లేకుండా తినిరావాలి.

జపానులో కోడిమాంసానికి నిషేధం ఉన్న కాలం కూడా ఉంది. క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి ఏటా కొన్ని నెలలపాటు ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినరాదని శాసించాడు. తర్వాత చాలాకాలానికి, మెయిజీ చక్రవర్తి హయాంలో, బండ్లవాళ్ళు పెద్ద హోటళ్ళలో మిగిలిపోయిన కోడి ముక్కలు తెచ్చి, పుల్లలకు గుచ్చి కాల్చి అమ్మేవారు. 1960 తర్వాత ఫారం కోళ్ళు విరివిగా వచ్చాక ఇది అందరికీ అందుబాటు తిండి అయింది.

హోటల్లో కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు ఇస్తారు. మనం అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో ఒకటి వస్తుంది. చాలాచోట్ల దానికీ డబ్బు తీసుకుంటారు, ఆశ్చర్యపోకండి. ఉప్పు చల్లి కాల్చమంటే 'షియో' అనాలి. తీపి కలిసిన సోయా రసం పూయమంటే 'తారే' అనాలి. ఆ రసంలో సాధారణంగా బియ్యపు సారా కలుపుతారు కనుక పట్టింపు ఉన్నవారు షియో అడిగి, అందులోనూ సారా చల్లరు కదా అని కనుక్కోవడం మంచిది. కొన్నిచోట్ల మాంసాన్ని లోపల కాస్త పచ్చిగానే ఉంచుతారు. 'యోకు యాయితే కుదసాయ్' అంటే బాగా కాల్చి ఇస్తారు. ఖాళీ పుల్లలను అక్కడ పెట్టిన గొట్టంలాంటి పాత్రలో వేయాలి.

ఇక అసలు సంగతి. అక్కడ కోడిలో పనికిమాలిన ముక్కంటూ లేదు. గుండె 'హత్సు', కార్జం 'రెబా', కందనకాయ 'సునాగిమో', చర్మం 'కావా', తోక 'బొంజిరి'. దేని పేరు దానిదే, దేని రుచి దానిదే. మెడ మాంసం 'సెసెరి'. ఒక కోడికి కొంచెమే వస్తుంది కనుక దాన్ని ప్రత్యేకంగా అడిగి తెప్పించుకునేవారున్నారు. మరి మనింట్లోనో? కాళ్ళు పిల్లలకు, మంచి ముక్కలు ఆయనకు, వచ్చిన చుట్టాలకు. అందరూ లేచాక, చల్లారిన కూరలో మిగిలిన మెడా, వెన్నూ వండిన మనిషికి! యాకిటోరి పుల్ల పొయ్యిమీంచి రాగానే తినాలి, చల్లారితే రుచి పోతుంది. ఎవరి పుల్ల వారికి వేడిగా వస్తుంది. ఆఖరు బంతి అన్నది లేదు.

ఈ పద్ధతి మనింటికి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. వెదురు పుల్లలు అరగంట నీళ్ళలో నానబెడితే తొందరగా మాడవు. ఎముక తీసిన తొడ మాంసం సమానంగా కోసి, మధ్యమధ్య ఉల్లికాడ ముక్కలతో గుచ్చి, ఉప్పు చల్లండి. కుంపటి తప్పకుండా డాబా మీదో పెరట్లోనో పెట్టాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. పచ్చి మాంసం పెట్టిన పళ్ళెంలోనే కాలిన పుల్లలు పెట్టకూడదు. లోపల ఎర్రదనం లేకుండా, మాంసం మధ్యలో 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలేలా కాల్చాలి.

పుల్లలు తిప్పే పని మాత్రం ఆయనకో, అబ్బాయికో అప్పజెప్పండి. మీరూ అందరితోపాటు కుంపటి చుట్టూ కూర్చుని, మొదటి వాయిలోనే ఒక పుల్ల తీసుకోండి.