ఎగిరే బాతు ఆడదా, మగదా, హైబ్రిడ్డా? ట్రిగ్గర్ నొక్కే ముందు ఏం చూడాలి?

డల్లాస్‌లో జాబ్ చేస్తున్న మన సబ్‌స్క్రైబర్ ఒకతను అడిగాడు. "అన్నా, టీమ్‌లో వాళ్ళు డక్ హంటింగ్‌కి రమ్మంటున్నారు, లైసెన్స్ కూడా తీసుకున్నా. కానీ గాల్లో ఎగిరే బాతుని చూసి ఏ జాతో ఎలా చెప్పాలి?"

ముందు ఇండియాలో చూస్తున్నవాళ్ళకి ఒక మాట. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుల్ని వేటాడటం నేరం. కొల్లేరు, పులికాట్ వెళ్తే కెమెరా, బైనాక్యులర్స్ మాత్రమే. కానీ గుర్తుపట్టే పద్ధతి మీకూ పనికొస్తుంది, ఎందుకంటే చలికాలంలో మనకొచ్చే సూదితోక బాతు, షవలర్ టెక్సాస్‌లో కనిపించే జాతులే.

సరే, అసలు టెన్షన్ ఎందుకు? టెక్సాస్‌లో మెయిన్ సీజన్‌లో రోజుకి మొత్తం 6 బాతులు కొట్టొచ్చు. అందులో మల్లార్డ్‌లు 5 దాటకూడదు, ఆ 5లో ఆడవి 2 దాటకూడదు. కొన్ని జాతులకైతే ఒకటో రెండో, అంతే. ఏటా మారతాయి కాబట్టి ఆ సీజన్ రూల్స్ చూసుకోండి. "సార్, చీకట్లో కనపడలేదు" అంటే గేమ్ వార్డెన్ వినడు. ఆడవాటికి లిమిట్ ఎందుకంటే, గుడ్ల మీద పొదిగేది అదే. నేల మీద గూడు కాబట్టి నక్కలకీ రకూన్లకీ దొరికిపోయేదీ అదే. అందుకే గుంపుల్లో మగవి ఎక్కువ, ఆడవి తక్కువ.

అందరూ చేసేది ఏంటంటే, ముందు రంగు చూస్తారు. నా లెక్కలో రంగు లాస్ట్. సూర్యోదయానికి అరగంట ముందే షూటింగ్ టైమ్ మొదలవుతుంది, ఆ వెలుతురులో మల్లార్డ్ మగదాని పచ్చ తల కూడా నల్లగానే కనిపిస్తుంది. కాబట్టి ముందు ఆకారం. సన్నని పొడుగు మెడ, పొడుగు తోక ఉంటే పిన్‌టెయిల్. గరిటె లాంటి ముక్కు ఉంటే షవలర్. చిన్న సైజు, గుంపంతా ఒక్కసారిగా మెలికలు తిరుగుతుంటే టీల్ అయ్యుండొచ్చు. నీళ్ళ మీద నుంచి నిట్టనిలువుగా లేస్తే పడిల్ డక్, రన్‌వే మీద ఫ్లైట్‌లా నీటి మీద పరిగెత్తి లేస్తే డైవర్.

తర్వాత రెక్క. రెక్క వెనక అంచు దగ్గర మెరిసే పట్టీ ఉంటుంది, దాన్ని స్పెక్యులమ్ అంటారు. మల్లార్డ్‌కి ఇది నీలం, దానికి రెండు వైపులా తెల్ల గీత. గ్యాడ్‌వాల్‌కి అక్కడ తెల్ల మచ్చ. బ్లూ వింగ్‌డ్ టీల్‌కి భుజం దగ్గర లేత నీలం ఉంటుంది. ఇక్కడే పెద్ద ట్రాప్! షవలర్‌కీ అదే లేత నీలం ఉంటుంది. సెప్టెంబర్‌లో పెట్టే స్పెషల్ సీజన్‌లో టీల్ మాత్రమే కొట్టాలి. నీలం కనపడగానే కాల్చారంటే కేసే. సైజు, ముక్కు చూశాకే.

ఆడ, మగ తేడా మల్లార్డ్‌లో చూద్దాం. మగదానికి పచ్చ తల, మెడకి తెల్ల రింగు, పసుపు ముక్కు, తోక మీద వంకర తిరిగిన నల్ల ఈకలు. ఆడది మచ్చల గోధుమ రంగు, నారింజ ముక్కు మీద నల్ల మచ్చ. మనందరికీ తెలిసిన "క్వాక్ క్వాక్" ఆడదానిదే, మగదాని గొంతు బొంగురుగా, మెల్లగా ఉంటుంది. కానీ ఎండాకాలంలో మగవి ఈకలు రాల్చి ఆడవాటిలా మారిపోతాయి, దీన్ని ఎక్లిప్స్ అంటారు. సీజన్ మొదట్లో కొన్నింటికి రంగు పూర్తిగా తిరిగి రాదు. అప్పుడు తల రంగు కంటే ముక్కు రంగు నమ్మండి.

ఇక హైబ్రిడ్స్. మల్లార్డ్ దగ్గరి జాతులతో ఈజీగా కలిసిపోతుంది. 19వ శతాబ్దంలో పక్షుల చిత్రకారుడు ఆడుబన్ ఒక బాతుని కొత్త జాతి అనుకుని బ్రూవర్స్ డక్ అని పేరే పెట్టేశాడు. తీరా చూస్తే అది మల్లార్డ్, గ్యాడ్‌వాల్ కలిసి పుట్టింది! ఆయనకే అలా అయితే మన పరిస్థితి ఆలోచించండి.

టెక్సాస్ తీరంలో ఉండే మాటిల్డ్ డక్ ఆడ మల్లార్డ్‌కి కవల లాగే ఉంటుంది. తేడాలు ఏంటంటే, ఒళ్ళు ఇంకా ముదురు, రెక్క పట్టీ ముందు ఆ తెల్ల గీత ఉండదు, ముక్కు మొదట్లో నోటి మూల దగ్గర చిన్న నల్ల చుక్క. తోక కూడా ముదురే, ఆడ మల్లార్డ్‌కి తోక అంచులు తెల్లగా ఉంటాయి. రెక్క ముందు గీత సగం సగం ఉంటే హైబ్రిడ్ అని అనుమానించాలి. టెక్సాస్ రూల్‌లో మాటిల్డ్, బ్లాక్ డక్, మెక్సికన్ డక్‌లనీ వాటి హైబ్రిడ్స్‌నీ కలిపి "డస్కీ డక్" అంటారు. సీజన్ మొదటి 5 రోజులు వాటిని ముట్టుకోకూడదు. అంటే "ప్యూర్ కాదు కదా సార్" అనే లాజిక్ పనిచేయదు.

ఫ్లోరిడాలో ఇది ఇంకా సీరియస్. పార్కుల్లో జనం వదిలేసిన పెంపుడు మల్లార్డ్‌లు అక్కడే ఉండిపోయి మాటిల్డ్ డక్స్‌తో కలుస్తున్నాయి. ఇలాగే సాగితే అసలు జాతే మిగలదని భయం. అందుకే మల్లార్డ్‌ని వదలడం అక్కడ చట్టవిరుద్ధం.

చివరగా మన డల్లాస్ తమ్ముడికి. కొట్టిన బాతుని ఇంటికి తెచ్చేదాకా తల గానీ, ఈకలున్న ఒక రెక్క గానీ తీసేయకు. దారిలో ఆపితే జాతిని చూపించాల్సింది దాంతోనే. మొదటి రెండు ట్రిప్పులు గన్ లేకుండా బైనాక్యులర్స్‌తో వెళ్ళు, మీ టీమ్‌లో సీనియర్ పక్కన కూర్చుని ఒక్కో బాతు పేరు ముందే చెప్పి చూడు. ఎన్ని కరెక్ట్ అయ్యాయో నాకు మెసేజ్ పెట్టు. ఉంటాను మరి, బై!