బీట్‌రూట్‌కి పులుపు ఎప్పుడు వెయ్యాలి?

మట్టిలోంచి లాగిన బీట్‌రూట్‌కి చెయ్యాల్సిన మొదటి పని ఆకులు కోసెయ్యడం. కడగడాలు, ఫొటోలు తియ్యడాలు ఆ తర్వాత. దుంప నేల విడిచినా ఆకుల పని ఆగదు. వాటి పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. నేలలోంచి వచ్చే నీరు లేదు గనుక దుంపలో ఉన్నదాన్నే లాగేస్తాయి. పొద్దున పీకిన కట్టను సాయంత్రం దాకా అలాగే వదిలేస్తే ఆకు వాడుతుంది, దుంప మెత్తబడుతుంది, రెంటికీ చెడతాం. అలాగని మొదలంటా కొయ్యకూడదు. రెండు వేళ్ళ వెడల్పు కాడ దుంపకే ఉంచి, అడుగున తోకలా ఉండే వేరును ముట్టుకోకుండా వదిలెయ్యాలి. దీని ప్రయోజనం పొయ్యి దగ్గర తెలుస్తుంది.

మన మైదానాల్లో ఇది చలికాలపు పంట. అక్టోబరులోనో నవంబరులోనో మిద్దెతోటలో గింజ వేస్తే రెండు నెలలు దాటేసరికి దుంపలు చేతికొస్తాయి. అడ్డకొలత 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉన్నప్పుడే పీకాలి. ఇంకా ఊరనిద్దామని ఆగితే లోపల పీచు కడుతుంది. మనం గింజ అనుకుని నాటేది కొన్ని పళ్ళు కలిసి ఎండిన గుత్తి. అందుకే ఒక్కో చోట రెండు మూడు మొలకలు లేస్తాయి, ఒకదాన్ని ఉంచి మిగతావి పీకక తప్పదు. ఆ లేత మొలకలు పారెయ్యకండి, పెసరపప్పులో చాలా బాగుంటాయి.

ఆకుల సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే బీట్‌రూట్ మొదట ఆకుకూరే. మధ్యధరా, అట్లాంటిక్ తీరాల్లో ఇప్పటికీ పెరిగే సముద్రపు బీట్ దీని అడవి పూర్వీకురాలు. మనుషులు మొదట తిన్నది దాని ఆకునే, ఇలా గుండ్రంగా ఊరిన దుంప చాలా తర్వాత వచ్చింది. మన తోటకూర, పాలకూర, చక్రవర్తికూర అన్నీ ఇదే కుటుంబం. కూరగాయల బజారుకు వచ్చేసరికి ఆకు తెగిపోయో కుళ్ళిపోయో ఉంటుంది కాబట్టి లేత బీట్ ఆకు రుచి తోట ఉన్నవాళ్ళకే దక్కుతుంది. పాలకూర పప్పు ఎలా చేస్తారో దీంతోనూ అలాగే. కాడల్ని తోటకూర కాడల్లా తరిగి, నానబెట్టిన శనగపప్పు వేసి పొడికూర చెయ్యొచ్చు. ఈ కుటుంబం ఆకులన్నిట్లోలాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవాళ్ళు ఆకు ఉడికించిన నీళ్ళు వంపేసి, మితంగా తినడం మంచిది. అదే భోజనంలో పెరుగు ఉంటే ఇంకా మేలు. పెరుగులోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని రక్తంలోకి ఎక్కకుండా చేస్తుంది.

ఇక దుంప. అడ్డంగా కోసి చూస్తే ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు. చెట్టు మానులో వలయాలను లెక్కపెట్టినట్టు వీటితో వయసు లెక్కకట్టలేం. నీరూ చక్కెరా మోసే నాళాల వలయం ఒకటి, ఆహారం దాచుకునే మెత్తటి కణజాలం ఒకటి, మార్చి మార్చి ఉంటాయి. కొద్ది వారాల్లోనే అవన్నీ ఏర్పడతాయి.

కోసిన ముక్కను కుళాయి కింద పట్టండి. ఎర్రటి నీరు ధారగా కారుతుంది. కాసేపు కడిగాక కారడం ఆగిపోయి, నీళ్ళు తేటగా వస్తాయి. ముక్క మాత్రం ముందు ఎంత ఎర్రగా ఉందో ఇప్పుడూ అంతే. ఇప్పుడు దాన్ని రెండుగా చేసి, తెగిన చోటు మళ్ళీ కడిగి, ఒకటి చల్లటి నీళ్ళ గ్లాసులో, ఇంకొకటి బాగా వేడి నీళ్ళ గ్లాసులో వెయ్యండి. చల్లటి గ్లాసు చాలాసేపు తేటగానే ఉంటుంది, వేడి గ్లాసు నిమిషాల్లో ఎర్రబడుతుంది. కళాశాల జీవశాస్త్ర ప్రయోగశాలల్లో కణత్వచం గురించి చెప్పడానికి చేసే ప్రయోగం ఇదే. రంగంతా కణం లోపల రిక్తిక అనే సంచిలో, నీటిలో కరిగి ఉంటుంది, దాని చుట్టూ పల్చటి పొర. కత్తి పడిన చోట తెగిన కణాల రంగే మొదట కారింది. చల్లటి నీళ్ళలో మిగతా కణాల పొరలు గట్టిగా నిలబడతాయి. వేడి 60 డిగ్రీలు దాటేసరికి పొరలు చితికి, లోపలిదంతా బయటికి వచ్చేస్తుంది.

అందుకే దుంపను చెక్కు తియ్యకుండా, తలా తోకా కొయ్యకుండా ఉడికించమనేది. లోపలి పొరలు ఎలాగూ చితుకుతాయి గానీ, రంగు బయటపడటానికి దారి ఉండదు. నీళ్ళలో ముంచడం కన్నా కుక్కర్లో అడుగున నీళ్ళు పోసి, దుంపల్ని పైన విడి గిన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికించడం మేలు. ఎన్ని విజిల్స్ అన్నది దుంప పరిమాణాన్ని బట్టి, ముదురును బట్టి. కత్తిమొన గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. చల్లారాక బొటనవేలితో నెడితే చెక్కు ఊడి వచ్చేస్తుంది.

బంగాళాదుంప ఉడికేసే సమయానికి బీట్‌రూట్ ఎందుకు ఉడకదని చాలామంది విసుక్కుంటారు. కారణం కణాల గోడల్లో ఉంది. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్. వేడికి అది కరిగితేనే కూర మెత్తబడేది. బీట్‌రూట్‌లో పెక్టిన్‌కి ఫెరూలిక్ ఆమ్లం అనే పదార్థం తగులుకుని, పెక్టిన్ పోగుల మధ్య అదనపు ముడులు వేస్తుంది. పైగా పులుపు తగిలితే పెక్టిన్ కరగడం ఇంకా నెమ్మదిస్తుంది. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మన వంటిళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. బీట్‌రూట్‌కి ఈ మాట మరీ వర్తిస్తుంది. పచ్చి ముక్కల్ని చింతపండు పులుసులో వేసి ఉడకబెడితే గంట గడిచినా పంటికింద కరకరమంటాయి.

చిక్కేమిటంటే, దుంప మెత్తబడటానికి పులుపు అడ్డం, రంగు నిలబడటానికి మాత్రం పులుపే కావాలి. దీనికి రంగు స్వభావం కొంచెం తెలియాలి. వంకాయ తొక్కలో, నేరేడు పండులో, శంఖపుష్పంలో ఉండే ఊదా నీలాలు యాంథోసయానిన్లు. బీట్‌రూట్ ఎరుపు ఆ జాతి కాదు. ఇది బీటాలైన్ అనే వేరే వర్గం, దీని అణువులో నైట్రోజన్ ఉంటుంది. మొక్కల లోకంలో ఒకే ఒక పెద్ద శాఖ వీటిని తయారుచేసుకుంటుంది. ఇప్పటిదాకా చూసినంతలో ఏ మొక్కా ఈ రెండు రకాల రంగుల్నీ కలిపి చేసుకోదు. ఆ శాఖ మనకు కొత్తదేం కాదు. ఎర్ర తోటకూర, కాగితంపూలు, చంద్రకాంతలు, నాగజెముడు పళ్ళు, ఇప్పుడు కొత్తగా సాగవుతున్న డ్రాగన్ ఫ్రూట్, చిన్నప్పుడు చేతులకు పూసుకున్న బచ్చలి పళ్ళు, అన్నిటి ఎరుపూ ఇదే.

బీట్‌రూట్‌లో ముఖ్యమైన బీటాలైన్ పేరు బీటానిన్. కొద్దిపాటి పులుపులో ఇది హాయిగా ఉంటుంది, క్షారం తగిలితే విరిగిపోతుంది. చిటికెడు వంటసోడా వేసి చూడండి, ఎరుపు కాస్తా పసుపు కలిసిన గోధుమరంగుకు దిగుతుంది. బైకార్బనేట్లు ఎక్కువున్న బోరు నీళ్ళను మరిగిస్తే క్షారగుణం పెరుగుతుంది కాబట్టి అలాంటి నీళ్ళలో ఉడికిన ముక్కలూ కాస్త వెలిసినట్టే ఉంటాయి. ఎక్కువసేపు వేడి చేసినా బీటానిన్ రెండు ముక్కలవుతుంది, ఒకటి పసుపు, ఒకటి రంగులేనిది. విచిత్రమేమిటంటే ఈ విరిగిన ముక్కలు మళ్ళీ అతుక్కోగలవు. కూర చల్లారనిచ్చి, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి మూతపెట్టి ఉంచితే పోయిన ఎరుపు కొంతవరకు తిరిగి వస్తుంది. పూర్తిగా రాదు, కానీ వడ్డించే వేళకు తేడా కంటికి తెలుస్తుంది. మొత్తానికి దుంప మెత్తబడే దాకా పులుపు వద్దు, మెత్తబడ్డ తర్వాత ఆలస్యం వద్దు.

ఆ పులుపు ఇంకో మేలూ చేస్తుంది. బీట్‌రూట్ అంటే ముఖం తిప్పుకునే వాళ్ళలో సగం మంది చెప్పే కారణం మట్టివాసన. అది ఊహ కాదు. తొలకరి జల్లుకి నేల నుంచి లేచే వాసనలో ఉండే జియోస్మిన్ అనే పదార్థమే ఇందులోనూ ఉంది. దాన్ని 1965లో అమెరికాలో గెర్బర్, లెషెవాలియే అనే శాస్త్రవేత్తలు విడదీసి పేరుపెట్టారు. నేలలో దాన్ని తయారుచేసేవి ముఖ్యంగా స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు. లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములున్నా మనిషి ముక్కు దీన్ని పసిగడుతుంది. దుంపకు ఆ వాసన మట్టి అంటుకోవడం వల్ల వచ్చిందనుకునేవారు. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన మొక్కల్లోనూ జియోస్మిన్ కనబడటంతో, బీట్‌రూట్ తానే దాన్ని తయారుచేసుకుంటుందన్న వాదనకు బలం వచ్చింది. రకాన్ని బట్టి దాని మోతాదు మారుతుందని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ గోల్డ్‌మన్ బృందం చూపి, వాసన తక్కువున్న రకాల్ని కూడా పెంచింది. వంటకు పనికొచ్చే సంగతులు రెండు. జియోస్మిన్ చెక్కులోనే ఎక్కువ, కాబట్టి ఉడికాక చెక్కు తీసేస్తే సగం గొడవ తీరుతుంది. రెండు, ఆమ్లం తగిలితే అది వాసన లేని మరో పదార్థంగా మారుతుంది. పెరుగు, నిమ్మ, చింతపండు, మామిడికాయ, ఏదైనా సరే.

నన్నడిగితే తాజా బీట్‌రూట్‌కి పెరుగుపచ్చడిని మించింది లేదు. ఆవిరి మీద ఉడికిన దుంపను తురిమి, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త పచ్చికొబ్బరి నూరి కలిపి, కమ్మటి పెరుగులో వేసి, ఆవాలు, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెడితే చాలు. కలపగానే లేత గులాబీ, పది నిమిషాలకు గాఢమైన గులాబీ. తాలింపు నూనెను గమనించండి, చుట్టూ అంతా గులాబీ అయినా నూనె చుక్కలు బంగారు రంగులోనే తేలుతుంటాయి. బీటానిన్ నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. క్యారెట్ కూరలో నూనె నారింజరంగుకు తిరగడానికీ, బీట్‌రూట్ కూరలో తిరగకపోవడానికీ తేడా ఇదే. వేపుడు చేసేటప్పుడు ఇది కలిసొస్తుంది. నీళ్ళు చిలకరించకుండా, మూత పెట్టకుండా నూనెలో మగ్గిస్తే రంగు ముక్కలోనే ఉండిపోతుంది, అంచుల్లో చక్కెర వేగి కమ్మదనం వస్తుంది. చాలా ఇళ్ళలో వేపుడు రుచి చెడేది ఆ చిలకరించిన నీళ్ళతోనే.

తీపి గురించి ఒక మాట. వంద గ్రాముల దుంపలో సుమారు 7 గ్రాములు చక్కెరే. 1747లో బెర్లిన్‌లో మార్గ్రాఫ్ అనే రసాయనవేత్త బీట్ దుంపలోని తీపి, చెరుకులోని తీపి ఒకటేనని తేల్చాడు. ఇదే జాతిలో తీపి ఎక్కువున్న తెల్ల దుంపల్ని ఏరి ఏరి పెంచిన ఫలితం ఇవాళ్టి షుగర్ బీట్. ప్రపంచపు చక్కెరలో దాదాపు ఐదోవంతు దాని నుంచే వస్తోంది. బీట్‌రూట్ హల్వాలో క్యారెట్ హల్వాకు పోసినంత పంచదార పోస్తే వెగటు పుట్టేది ఇందుకే. తగ్గించండి.

రక్తం పడుతుందని బాలింతలకూ ఎదిగే పిల్లలకూ బీట్‌రూట్ తినిపించడం మనకు అలవాటు. ఎరుపు చూసి పుట్టిన నమ్మకం అది. బీటానిన్‌కీ రక్తంలోని హీమోగ్లోబిన్‌కీ చుట్టరికం లేదు. వంద గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో స్త్రీకి రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు. అలాగని పూర్తిగా కొట్టెయ్యడానికీ లేదు, రక్తకణాలు తయారవడానికి అవసరమైన ఫోలేట్ ఇందులో బాగానే ఉంది. బీట్‌రూట్ తిన్న మర్నాడు కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. హడలిపోనక్కర్లేదు. ఇనుము లోపం ఉన్నవాళ్ళలో ఇలా జరగడం ఎక్కువ కాబట్టి, తరచూ కనబడితే రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

శాస్త్రవేత్తలకు బీట్‌రూట్ మీద ఆసక్తి కలిగింది ఇనుము వల్ల కాదు, నైట్రేట్ల వల్ల. మనం తిన్న నైట్రేట్‌లో కొంత లాలాజలంలోకి తిరిగి వస్తుంది. నాలుక మీది బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అది మింగాక నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. నాళాల మీద నైట్రిక్ ఆక్సైడ్ పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికన్లకు నోబెల్ బహుమతి వచ్చింది. 2008లో లండన్ పరిశోధకులు ఆరోగ్యవంతులకు అర లీటరు బీట్‌రూట్ రసం తాగిస్తే మూడు గంటల్లోపు పై రక్తపోటు సుమారు 10 పాయింట్లు తగ్గింది. రసం తాగాక లాలాజలం మింగకుండా ఉమ్మేసినప్పుడు మాత్రం తగ్గలేదు! బ్యాక్టీరియాను చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలించినా అంతే. రక్తపోటు మాత్రలు వేసుకునేవాళ్ళు ఇది చదివి మాత్రలు మానేసేరు, ఆ పని చెయ్యకండి. ఆరు నెలలు నిండని పసిపిల్లలకైతే నైట్రేట్ల కారణంగానే బీట్‌రూట్ గుజ్జు పెట్టకూడదు.

నైట్రేట్లూ నీటిలో కరిగేవే. ముక్కలు కోసి ఉడికించక తప్పని రోజున ఆ ఎర్రటి నీళ్ళు పారబోస్తే రంగుతోపాటు అవీ పోతాయి. ఆ నీళ్ళతో చపాతీ పిండి కలుపుదామని అందరికీ తోస్తుంది. కలిపినప్పుడు ముచ్చటగా ఉంటుంది గానీ, పెనం వేడికి మచ్చలు మచ్చలుగా గోధుమరంగుకు తిరుగుతుంది. అవే నీళ్ళు పులిసిన ఇడ్లీ పిండిలో కలిపి చూడండి. పిండిలో పులుపు ముందే ఉంది, ఆవిరి వేడి వంద డిగ్రీలు దాటదు, పది నిమిషాల్లో దించేస్తాం. ఇడ్లీ గులాబీగానే వస్తుంది. నీళ్ళు మిగిలితే చారులో పోసెయ్యండి, చింతపండు మరిగాకే.