షుగరు వ్యాధి, కాలేయ వ్యాధి: రెండింటికీ ఉన్న సంబంధం



షుగరు వ్యాధి అనగానే మనకు కాళ్ల తిమ్మిర్లు, కంటిచూపు, మానని పుండ్లు గుర్తుకు వస్తాయి. కాలేయ వ్యాధి అనగానే పచ్చకామెర్లు, సారాయి గుర్తుకు వస్తాయి. అయితే సారాయి ఎన్నడూ ముట్టని వారి కాలేయాన్ని సైతం పాడుచేసి, వారిలో కొందరికి షుగరును కూడా తెచ్చిపెట్టే వైరస్ ఒకటి ఉన్నది. అదే హెపటైటిస్ సి. దీనిని 1989లో గుర్తించారు. ఇందుకు కృషి చేసిన హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2020లో నోబెల్ బహుమానం లభించింది.

ఎలా సోకుతుంది?

ఇది రక్తం ద్వారా సోకుతుంది. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడుట, పరీక్షించని రక్తం ఎక్కించుట, శుభ్రం చేయని క్షౌరపు కత్తి, పచ్చబొట్టు సూది దీనికి దారులు. కలిసి భోజనం చేసినందువలన, ఒకే గ్లాసుతో నీళ్లు త్రాగినందువలన, చేయి కలిపినందువలన ఇది రాదు. గనుక రోగికి వేరే కంచం పెట్టి బాధపెట్టవద్దు.

కొందరి శరీరం ఆరు నెలల్లోగా ఈ వైరస్‌ను తనంతట తానే వెళ్లగొడుతుంది. ఎక్కువమందిలో మాత్రం అది కాలేయంలో నిలిచిపోయి, ఏ బాధా తెలియనీయకుండా ఏళ్ల తరబడి నష్టం చేస్తుంది. అలా నిలిచిపోయిన నూరుమందిలో 15 నుండి 30 మందికి ఇరవై ఏళ్లలో కాలేయం గట్టిపడిపోతుంది.

షుగరు ఎందుకు వస్తుంది?

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. అప్పుడు క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్ ఆజ్ఞ ప్రకారం కాలేయం ఆ చక్కెరను దాచిపెడుతుంది. హెపటైటిస్ సి వైరస్ ఆ ఆజ్ఞ కాలేయ కణాలకు అందకుండా అడ్డుపడుతుంది. ఇన్సులిన్ ఉన్నా పని జరగదు. దీనినే ఇన్సులిన్ నిరోధం అంటారు. క్లోమం మరింత ఇన్సులిన్ తయారు చేసి, చేసి, చివరకు అలసిపోతే షుగరు వ్యాధి వస్తుంది. కాలేయంలో కొవ్వు చేరి, అది గట్టిపడుట కూడా త్వరపడుతుంది. ఈ విధంగా ఒక వ్యాధి మరొక దానికి బలమిస్తుంది.

నాటి వైద్యం, నేటి వైద్యం

కొన్నేళ్ల క్రితం వరకు వారం వారం ఇంటర్‌ఫెరాన్ సూది, రోజూ రిబావిరిన్ మాత్రలు ఆరు నెలల నుండి ఏడాది వరకు వాడవలసి వచ్చేది. జ్వరం, నీరసం, దిగులు, రక్తహీనత రోగిని పీడించేవి. ఇన్సులిన్ నిరోధం ఉన్నవారికి ఆ మందు సరిగా పనిచేసేది కాదు. 2005లో ప్రచురితమైన స్పెయిన్ దేశపు పరిశోధనలో, ఈ వైరస్‌లో మొదటి రకం సోకినవారిని గమనించగా, నిరోధం లేని 43 మందిలో 26 మంది నయమయ్యారు. నిరోధం ఉన్న 70 మందిలో 23 మంది మాత్రమే నయమయ్యారు.

ఇప్పుడు పరిస్థితి మారింది. సోఫోస్‌బువిర్‌తో పాటు డక్లాటస్విర్ గానీ, వెల్‌పటస్విర్ గానీ కలిపి మాత్రల రూపంలో ఇస్తున్నారు. సాధారణంగా పన్నెండు వారాలు చాలు. నూటికి 95 మంది వరకు నయమవుతున్నారు. ఇన్సులిన్ నిరోధం ఈ మందులకు పెద్ద ఆటంకం కాదు. 2018 జూలై 28న మన దేశంలో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద పరీక్ష, మందులు ఉచితం. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి.

ఈ సంగతులు మరువవద్దు

వైరస్ తగ్గేకొద్దీ ఇన్సులిన్ మళ్లీ పనిచేయసాగుతుంది. అప్పుడు పాత మోతాదులోనే షుగరు మందు వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరుగుట కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు ఇచ్చి, డాక్టరుకు తెలియజేయండి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. చికిత్స కాలంలో రక్తంలో చక్కెరను తరచుగా చూపించుకోవాలి. షుగరు మందు సొంతంగా మానవద్దు.

చికిత్సకు ముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా అవసరం. క్షయ, మూర్ఛ, గుండె జబ్బులకు మందులు వాడుతూ ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. మాత్రలు పూర్తయిన పన్నెండు వారాలకు మరల పరీక్ష చేయించుకుంటేనే నయమైనదని తెలుస్తుంది. కాలేయం అప్పటికే గట్టిపడినవారు నయమైన తరువాత కూడా ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించుకోవాలి.

2002కు ముందు రక్తం ఎక్కించుకున్నవారు, డయాలిసిస్ చేయించుకున్నవారు, ఒకే సూదిని పలువురికి వాడిన చోట ఇంజెక్షన్లు వేయించుకున్నవారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. మొదటి పరీక్షలో ఉన్నదని వచ్చినా భయపడవద్దు. వైరస్ ఇంకా ఉన్నదో లేదో రెండవ పరీక్ష చెబుతుంది.

పసరు మందు ఈ వైరస్‌ను పోగొట్టలేదు. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారు ఉంటే, వారి కాలేయం సంగతి కూడా డాక్టరును అడగండి అని మా మనవి. నయమయ్యే వ్యాధిని దాచుకొని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.